గురక పెట్టే పిల్లాడికి పళ్ళ ఆపరేషన్: మత్తు ఎవరివ్వాలి, ఎక్కడివ్వాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అబ్బోడికి నాలుగున్నరేళ్ళు, బరువు 15 కిలోలు. ఎనిమిది పళ్ళు పుచ్చిపోయినాయి. ఒక దవడ పన్ను కింద రెండుసార్లు చీము పట్టి బుగ్గ వాచింది. మొదట చూపించిన చోట నలుగురు పట్టుకుని సూది వేయబోతే గింజుకుని, ఏడ్చి, వాంతి చేసుకున్నాడు. ఆ రోజు నుంచి బ్రష్ చూస్తేనే నోరు బిగించేస్తాడు. తిరుపతిలో పిల్లల పళ్ళ డాక్టరొకరు పూర్తి మత్తిచ్చి ఒకేసారి అన్నీ చేసేద్దామంటారు. ఇంకో క్లినిక్‌లో సిరప్ తాగించి మగతలో ఉంచి నాలుగైదు విడతల్లో చేస్తామంటారు, ఖర్చు కూడా తక్కువే. మత్తిస్తే మెదడు మందగిస్తుందని మా ఆయనకు ఎవరో చెప్పినారు. వేలూరుకు పోదామా అంటాడు. ఊడిపోయే పాలపళ్ళకు ఆపరేషనేంది అంటుంది మా అత్త. నిద్రొచ్చే జలుబు సిరప్ పట్టించి తీసుకుపో అంటుంది పక్కింటామె. వాడికి ముందే చెప్పాలా, చెప్పకుండా తీసుకుపోవాలా? రాత్రిళ్ళు నోరు తెరిచి గురక పెడతాడు, ఆడి ఆడి అలిసిపోయి అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను మీరు చివర్లో, అదేదో పెద్ద సంగతి కానట్టు రాశారు. వాడు నోరు తెరిచి గురక పెడతాడన్న మాట. నేను మత్తు డాక్టర్ని కాబట్టి నా కన్ను ముందు దాని మీదే పడింది. సిరప్పా, పూర్తి మత్తా, తిరుపతా, వేలూరా అన్నవన్నీ ఆ తర్వాతే తేలతాయి.

మూడు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలకు గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ అనే మెత్తని గడ్డలు బాగా పెద్దవిగా ఉంటాయి. నోటి కొలతకు నాలుక పెద్దది, గాలి పోయే దారి సన్నం. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు ఆ దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి వదులవుతాయి, అప్పుడు గురక వస్తుంది. మత్తుమందు పడితే మామూలు నిద్రలో కంటే ఇంకా వదులవుతాయి. పైగా చిన్నపిల్లలకు కిలో బరువు లెక్కన పెద్దవాళ్ళకంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ కావాలి. ఊపిరి అడ్డుపడితే పెద్దవాళ్ళు కాసేపు తట్టుకుంటారు కానీ పిల్లల్లో ఆక్సిజన్ చూస్తుండగానే పడిపోతుంది.

అలసట వల్ల ఒకరోజు గురక పెట్టడం వేరు, రోజూ పెట్టడం వేరు. ఈ వారం రెండు మూడు రాత్రులు వాడు గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చుని గమనించండి. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి ఆడకుండా కొన్ని క్షణాలు ఆగిపోయి, తర్వాత ఒక్కసారిగా ఎగపీల్చుకుంటున్నాడా? తల వెనక్కి వాల్చి పడుకుంటున్నాడా? విపరీతంగా చెమట పడుతోందా? ఫోన్‌తో రెండు మూడు నిమిషాలు వీడియో తీసి పెట్టుకోండి. దాన్ని చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి, మత్తు డాక్టరుకూ చూపించండి. మీరు నోటితో ఎంత వివరించినా రానంత సమాచారం ఆ వీడియోలో మాకు దొరుకుతుంది. టాన్సిల్స్‌కు చికిత్స అవసరమైతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ డాక్టర్లు మాట్లాడుకుని నిర్ణయిస్తారు.

ఇక ఆ రెండు దారుల సంగతి. ఏ మందు మంచిదని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడగమంటాను: పళ్ళ డాక్టరు పన్ను చూస్తున్నంతసేపూ నా బిడ్డ ఊపిరిని ఎవరు చూస్తుంటారు? కాలికి ఆపరేషన్ చేస్తుంటే సర్జన్ కాలి దగ్గర ఉంటారు, నేను తల దగ్గర ఉంటాను, ఎవరి చోటు వాళ్ళది. పళ్ళ పనిలో అట్లా కాదు. డాక్టరు పనిముట్లు పెట్టేదీ, బిడ్డ గాలి పీల్చేదీ ఒకే దారిలో. డ్రిల్లు నుంచి నీళ్ళు గొంతులోకి చిమ్ముతుంటాయి. నోట్లో దూది, నాలుక మీద అద్దం, కింది దవడ మీద ఒత్తిడి. ఊడిన పన్ను ముక్క జారితే పడేది గొంతులోనే. అరమిల్లీమీటరు పనిలో కళ్ళు నిలిపిన మనిషి అదే సమయంలో పెదవుల రంగు, ఛాతీ కదలిక కూడా చూడగలరని అనుకోవడం న్యాయం కాదు. అది ఒక్కరి చేతిలో అయ్యే పని కాదు.

అసలు మత్తు వైద్యం పుట్టిందే పళ్ళ డాక్టర్ల చేతుల్లో. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నారు. ఆ రోజు కూడా గ్యాస్ పట్టింది ఒకరు, పన్ను పీకింది ఇంకొకరు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ, పిల్లల పళ్ళ డాక్టర్ల అకాడమీ కలిసి 2019లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: పళ్ళ క్లినిక్‌లో బిడ్డకు గాఢమైన మత్తు ఇచ్చేటప్పుడు, పళ్ళ పని చేసే డాక్టరు కాకుండా, మత్తు ఇవ్వడంలోనూ ఊపిరి నిలపడంలోనూ శిక్షణ ఉన్న మరొకరు మొదటి నుంచి చివరిదాకా బిడ్డనే కనిపెట్టుకుని ఉండాలి.

మీకు చెప్పిన సిరప్ బహుశా మిడజోలం అయి ఉంటుంది. మంచి మందే, నేనూ వాడతాను. తాగించిన ఇరవై ముప్పై నిమిషాలకు బిడ్డ మెత్తబడతాడు, భయం తగ్గుతుంది, ఆ తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. కానీ అది నొప్పి తీసేయదు, తిమ్మిరి సూది ఎట్లాగూ వేయాలి. దాని బలం పని చేసేది ముప్పావు గంటో, ఇంకాస్తో. కొందరు పిల్లలు నిమ్మళించకపోగా రెచ్చిపోయి ఏడుస్తారు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. చేదుగా ఉందని బిడ్డ సగం ఉమ్మేస్తాడు, లోపలికి ఎంత పోయిందో తెలియదు, పని కావడం లేదని ఇంకో మోతాదు పోస్తారు. రెండూ కలిసి ఎక్కేసరికి మగతలో ఉండాల్సిన పిల్లాడు లేపినా లేవని నిద్రలోకి జారిపోతాడు. ఒకే మోతాదుకు ఒకడు కబుర్లు చెబుతుంటాడు, ఇంకొకడు గాఢనిద్రలోకి పోతాడు. ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

గురక లేని పిల్లాడికి, ఒకటి రెండు పళ్ళ పనికి, పర్యవేక్షణ ఉన్న చోట సిరప్ సరిపోతుంది. మీవాడికి ఎనిమిది పళ్ళు, గురక, ఇప్పటికే గుండెల్లో పాతుకుపోయిన భయం. నాలుగైదుసార్లు అదే కుర్చీ ఎక్కించాలి. వాడికి ఈ దారి నేను చెప్పను.

మాస్కుతో ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ సంగతి మీరు అడగలేదు గానీ ఎవరైనా చెప్పవచ్చు. అది చాలా సౌమ్యమైనది, నిమిషాల్లో ఎక్కుతుంది, నిమిషాల్లో దిగుతుంది. అయితే చెప్పినట్టు విని ముక్కుతో గాలి పీల్చే పిల్లలకే పనికొస్తుంది. నోటితో ఊపిరి తీసుకునే మీవాడికి కుదరదు.

కాబట్టి నా సలహా, గొంతు చూపించాక, ఆసుపత్రి థియేటర్‌లో పూర్తి మత్తు. పేరు వింటేనే భయమేస్తుంది, నిజమే. కానీ గురక పెట్టే బిడ్డకు సగం మత్తుకంటే పూర్తి మత్తే భద్రం. ఎందుకంటే అందులో గాలిగొట్టం వేసి ఊపిరి దారిని మా చేతుల్లోకి తీసుకుంటాం. సాధారణంగా ముక్కులోంచి వేస్తాం, పళ్ళ డాక్టరుకు నోరంతా ఖాళీగా దొరుకుతుంది. గొంతులో తడి గుడ్డ పెడతాం, నీళ్ళు గానీ రక్తం గానీ కిందికి దిగవు. చివర్లో దాన్ని లెక్కచూసి తీసేస్తాం. ఎనిమిది పళ్ళూ ఒకేసారి అయిపోతాయి. పీకాల్సినవి పీకి, నిలపగలిగినవి శుభ్రం చేసి స్టీలు క్యాపులు తొడుగుతారు.

తిరుపతిలో చేయించినా, వేలూరులో చేయించినా అడగాల్సినవి అవే. మొహమాటం వద్దు. మత్తు ఎవరిస్తారు, చిన్నపిల్లలకు తరచూ ఇస్తుంటారా? పని అయ్యేదాకా గదిలోనే ఉంటారా, మందిచ్చి ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోతారా? వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కరోనా పుణ్యమా అని అందరికీ తెలుసు. దాంతోపాటు బయటికి వచ్చే ఊపిరిని క్షణక్షణం చూపించే క్యాప్నోగ్రాఫ్ ఉందా అని అడగండి. ఊపిరి ఆగితే అది ముందు చెబుతుంది, వేలి మీటరు ఆలస్యంగా చెబుతుంది. పిల్లల కొలతల మాస్కులు, గొట్టాలు ఉన్నాయా? తెలివి వచ్చేదాకా ఎక్కడ ఉంచుతారు, పక్కన ఎవరుంటారు? అవసరమైతే ఆ రాత్రి ఉంచుకునే వసతి ఉందా? ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోట చేయించకండి. మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలు విని సంతోషిస్తారు. ఖర్చులో మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, క్యాపులు వేటికి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

మీ ఆయన భయానికి ఆధారం లేకపోలేదు, అందుకే దాన్ని కొట్టిపారేయను. 2016 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలు దాటి గానీ, పదేపదే గానీ మత్తిస్తే ఎదిగే మెదడు మీద ప్రభావం పడవచ్చని. ఆ మాట నోటినోటా పాకి మత్తంటేనే మెదడుకు ముప్పు అన్నట్టు తయారైంది. ఆ తర్వాత 2019లో లాన్సెట్ పత్రికలో పెద్ద అధ్యయనం వచ్చింది. పసికందులుగా ఉన్నప్పుడు గంటలోపు ఒకసారి పూర్తి మత్తు తీసుకున్న పిల్లలను, వెన్నుకు మాత్రమే మత్తు తీసుకున్న పిల్లలను ఐదేళ్ళు వచ్చాక పరీక్షించారు. తెలివితేటల్లో తేడా కనిపించలేదు. మీవాడు మూడేళ్ళు దాటాడు. ఒకేసారి, గంటన్నరో రెండు గంటలో. ఈ కారణంతో వెనకాడవద్దని మీ ఆయనకు చెప్పండి. నిజానికి ఆ హెచ్చరికలోని ‘పదేపదే’ అన్న మాటే, అన్ని పళ్ళూ ఒకే మత్తులో చేయించుకోవాలన్నదానికి బలం.

అత్తగారికి ఏం చెప్పాలంటే, ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడుతాయి గానీ దవడ పాలపళ్ళు పదీ పన్నెండేళ్ళదాకా ఉండాల్సినవి. మనవడు ఇంకో ఆరేళ్ళు వాటితోనే నమలాలి. ఆరో ఏట వాటి వెనక శాశ్వత దవడ పన్ను వస్తుంది. ముందున్నది లేకపోతే ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. చీము అట్లాగే ఉంటే కింద తయారవుతున్న శాశ్వత పన్ను పెంకు దెబ్బతినవచ్చు. చీము పట్టినప్పుడల్లా యాంటీబయాటిక్ వాడితే వాపు తగ్గుతుంది, కారణం అక్కడే ఉంటుంది. రెండుసార్లు వాచిందంటే మూడోసారీ వాస్తుంది.

పక్కింటామె సలహా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పాటించకండి. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఇంట్లో ఏ నిద్రమందూ పట్టించకూడదు, జలుబు సిరప్ అయినా, ప్రయాణంలో వాంతులకు ఇచ్చే మందైనా. అలర్జీకి, వాంతులకు వాడే ప్రోమెథజీన్ రెండేళ్ళలోపు పిల్లల్లో ఊపిరి ఆపేసిన సందర్భాలున్నాయి, అందుకే ఆ వయసువాళ్ళకు ఇవ్వకూడదని తీవ్రమైన హెచ్చరిక ఉంది. మీవాడి వయసు ఎక్కువే, కానీ గురక ఉంది. బస్సులో మీ ఒళ్ళో తల వాల్చి మగతగా పడుకుంటే నిద్రపోతున్నాడనే అనుకుంటారు. దాని మీద ఆసుపత్రిలో మేమిచ్చే మందు పడితే? ఒకవేళ ఏదైనా ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు, ఆ రోజుకు వాయిదా వేస్తాం.

థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు భయం తగ్గించే మందు మేమే ఇస్తాం. సిరప్ గానీ, ముక్కులో చుక్కలు గానీ. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందుకు రుచి ఉండదు, ముక్కులో వేస్తే అరగంట ముప్పావు గంటకు మామూలు నిద్రలాగే పడుకుంటారు. గురక పెట్టే పిల్లలకు ఏది, ఎంత, అసలు ఇవ్వాలా వద్దా అన్నది మత్తు డాక్టరు చూసి చెబుతారు. ఇచ్చాక ఆక్సిజన్ మీటరు పెట్టి కళ్ళెదుటే ఉంచుకోవాలి, వరండాలో తల్లి ఒళ్ళో వదిలేయకూడదు. మందు లేకుండానూ చాలా చేయవచ్చు. ఫోన్‌లో వాడికిష్టమైన ఆట గానీ, బొమ్మలు గానీ చూపిస్తూ లోపలికి తీసుకెళ్తే ఏడుపు బాగా తగ్గుతుంది. నిద్రపోయేదాకా మిమ్మల్ని పక్కన ఉండనిస్తారా అని అడగండి. మీరు ఏడవకుండా ఉండగలననుకుంటేనే వెళ్ళండి. తల్లి మొహం చూసే పిల్లలు భయపడాలో వద్దో తేల్చుకుంటారు. మాస్కులోంచి గాలి పీల్పించి నిద్రపుచ్చాక చేతికి సూది పెట్టమని కూడా అడగవచ్చు.

వాడికి చెప్పాలా అన్నారు. చెప్పాలి. ఒకసారి నలుగురు పట్టుకున్న అనుభవం ఉన్న బిడ్డను గుడికి పోదామని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇకపై మీ మాట కూడా నమ్మడు. అయితే వారం ముందు నుంచీ చెప్పనక్కర్లేదు, ముందు రోజు సాయంత్రం చాలు. ‘నీ పన్నులో పురుగు పడి నొప్పి చేస్తోంది, డాక్టరు బాగు చేస్తారు. ముక్కు మీద మాస్కు పెడతారు, బెలూన్ ఊదినట్టు ఊదితే నిద్రొస్తుంది. లేచేసరికి నేను పక్కనే ఉంటా’ అని చెప్పండి. లేచేసరికి తప్పకుండా ఉండండి. సూది ఉండదని ఒట్టేయకండి. అన్నం తినకపోతే సూది వేయిస్తా అని ఇంట్లో ఎవరైనా బెదిరిస్తుంటే ఈ రోజే మాన్పించండి. సగం భయం అక్కడ పుట్టిందే.

పస్తు సంగతి కాస్త కఠినంగా చెబుతాను. మత్తుకు ముందు ఇడ్లీలాంటి తేలిక తిండి, పాలు ఆరు గంటల ముందే ఆపాలి. నూనె, నెయ్యి, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు. మంచినీళ్ళు రెండు గంటల ముందుదాకా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా, రాత్రి నుంచి నీళ్ళు కూడా లేకుండా ఎండబెట్టక్కర్లేదు. మజ్జిగ, హార్లిక్స్ నీళ్ళ లెక్కలోకి రావు. కడుపులో తిండి ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆకలికి ఏడుస్తున్నాడని వాళ్ళవ్వ జాలిపడి చాటుగా ఒక బిస్కెట్ పెట్టడం ఎన్నో ఇళ్ళలో జరిగేదే. అట్లా జరిగితే చెప్పేయండి. పొద్దున మొదటి కేసుగా పెట్టమని అడిగితే ఈ బాధ సగం తగ్గుతుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఫోన్ చేసి చెప్పండి, తగ్గాక మరికొన్ని వారాలు ఆగాల్సి రావచ్చు.

లేచాక కొందరు పిల్లలు తల్లిని కూడా గుర్తుపట్టనట్టు అరిచి తన్నుకుంటారు. పావుగంట, అరగంటలో అదే తగ్గుతుంది, మెదడుకు ఏదో అయిందని బెంబేలు పడకండి. ముక్కులోంచి కాస్త రక్తం రావచ్చు. తిమ్మిరి ఉన్న పెదవిని తెలియక కొరుక్కుంటారు, రెండు మూడు గంటలు కనిపెట్టుకోవాలి. ముందు నీళ్ళు, తర్వాత చల్లారిన జావ, మజ్జిగన్నం. నొప్పికి పారాసిటమాల్, వాడి బరువుకు ఒక మోతాదు 225 మిల్లీగ్రాములు. సీసాను బట్టి గాఢత మారుతుంది కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లో ఆసుపత్రిలోనే రాయించుకోండి.

తిరుపతి నుంచి చిత్తూరు దగ్గర దగ్గర రెండు గంటల దారి. బైకు మీద వద్దే వద్దు. కారులో అయినా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఒకరు బండి నడిపితే ఇంకొకరు వాడి తలనే చూస్తూ ఉండాలి. నిద్రలో గడ్డం ఛాతీకి ఆని గాలిదారి మూసుకుపోయేది ఈ ప్రయాణంలోనే. గురక తీవ్రంగా ఉందని గొంతు డాక్టరు చెబితే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండండి.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని పుచ్చు మీద పూస్తే, సూదీ డ్రిల్లూ లేకుండానే, లోతుకు పోని పుచ్చులు చాలావరకు ముదరకుండా ఆగుతాయి. పూసిన చోటు నల్లబడుతుంది, చీము పట్టిన పన్నుకు పనికిరాదు. ఒక నిమిషం నోరు తెరిపించగలిగితే పళ్ళ డాక్టరును అడగండి. రాత్రి పడుకునేటప్పుడు చక్కెర పాల సీసా ఇస్తుంటే ఆపేయండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వేలికి తీసుకుని అయినా పళ్ళకు రాయండి. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలకోసారి చూపించాలి, అలవాట్లు మారకపోతే మళ్ళీ పుచ్చడం చాలామంది పిల్లల్లో చూస్తున్నాం.

గొంతు డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. ఈ మధ్యలో బుగ్గ మళ్ళీ వాచి వాపు కంటి దాకా గానీ, దవడ కిందికి గానీ పాకినా, జ్వరం వచ్చినా, మింగలేక చొంగ కారుతున్నా తేదీ కోసం ఆగకండి. అర్ధరాత్రయినా చిత్తూరు పెద్దాసుపత్రికో, తిరుపతి రుయాకో, మీకు దగ్గరగా ఏ అత్యవసర విభాగం ఉంటే అక్కడికో తీసుకెళ్ళి, గురక సంగతి కూడా అక్కడ మొదటి మాటగా చెప్పండి.